ముసలితనం, పేగుల్లోని బాక్టీరియా, తరవాణి కుండ

గుణుపురం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు రాసిన ఉత్తరం సారాంశం ఇది:

"నా వయసు 66. తాతగారి కాలం నుంచి ఒడిశాలో స్థిరపడిన తెలుగు కుటుంబం మాది. ఎనిమిదేళ్ళుగా షుగరు ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఐదేళ్ళుగా పొద్దున్నే గ్యాస్ మాత్ర వేసుకోనిదే కాఫీ తాగను. రెండు మూడు రోజులకొకసారి గాని విరేచనం కాదు. పొద్దున్న రస్కులు, మధ్యాహ్నం సన్నబియ్యం అన్నంలో చారు, బంగాళాదుంప వేపుడు, రాత్రి ఇడ్లీ గాని ఉప్మా గాని నా భోజనం. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఒక వీడియో పంపాడు. ముసలితనానికి పేగుల్లోని బాక్టీరియాయే మూలమని, వాటిని మారిస్తే వయసు వెనక్కి వెళ్తుందని అందులో చెప్పారు. నెలకు మూడు వేల రూపాయలయ్యే క్యాప్సూళ్ళు, మలాన్ని పరీక్షించి 'పేగు వయసు' చెప్పే కిట్టు పంపిస్తానంటున్నాడు. కొనమంటారా? మా అమ్మకు 91 ఏళ్ళు. ఏళ్ళ తరబడి తరవాణి (కుండలో పులిసిన గంజి), చోడి (రాగి) అంబలి తాగి బతికిన మనిషి. ఆమె ఆయుష్షుకు అదే కారణమా? నేనూ మొదలుపెట్టవచ్చా? ఏడాదిగా ఆమెకు పళ్ళు లేక పాలు, బ్రెడ్డు, బియ్యం జావ మాత్రమే పెడుతున్నాం. జలుబు చేస్తుందని తరవాణి మానిపించాం. ఈ మధ్య బాగా నీరసించింది."

మాస్టారికి నమస్కారం.

మీ అబ్బాయి పంపిన వీడియో పూర్తిగా అబద్ధం కాదు. పేగుల్లోని బాక్టీరియాకూ ముసలితనానికీ సంబంధం ఉందనడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. అయితే సంబంధం ఉండటం వేరు, అదే మూలకారణం కావడం వేరు, ఆ కారణాన్ని మందుల దుకాణంలో కొని సరిచేసుకోగలగడం మరీ వేరు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగిన ప్రశ్నలకన్నా, మీరు రోజూ తింటున్నదాని గురించి, అమ్మగారికి పెడుతున్నదాని గురించి రాసిన నాలుగు మాటలే నన్ను ఎక్కువ ఆలోచింపజేశాయి. వాటి దగ్గరికి వస్తాను. ముందు మీ మొదటి సందేహం తీరాలి.

ఈ ఆలోచనకు నూరేళ్ళు దాటాయి. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసిన ఇల్యా మెచ్నికోవ్ అనే శాస్త్రవేత్త, రోగనిరోధక శక్తి మీద చేసిన కృషికి 1908లో పాల్ ఎర్లిష్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నవాడు, పెద్దపేగులో ఆహారం కుళ్ళడం వల్ల పుట్టే విషాలే మనిషిని ముసలివాణ్ణి చేస్తాయని నమ్మాడు. బల్గేరియాలో పల్లెజనం పులిసిన పాలు తాగి దీర్ఘకాలం బతుకుతున్నారని విని, తానూ రోజూ పులిసిన పాలు తాగాడు. ఆ పాలను పులియబెట్టే బాక్టీరియాను 1905లో స్టామెన్ గ్రిగొరోవ్ అనే బల్గేరియన్ వైద్యుడు గుర్తించాడు. మెచ్నికోవ్ 1916లో 71వ ఏట మరణించాడు. కుళ్ళు, విషాలు అంటూ ఆయన చెప్పిన వివరణ నిలబడలేదు. ఆయన వేసిన ప్రశ్న మాత్రం మిగిలింది, దానికి జవాబులు ఈ ఇరవై ఏళ్ళలోనే కొంత పట్టుబడుతున్నాయి.

70 కిలోల మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయని 2016లో వేసిన లెక్క. వాటిలో అత్యధిక భాగం పెద్దపేగులోనే ఉంటాయి, అన్నీ కలిపి తూస్తే దాదాపు 200 గ్రాములు. మనం అరిగించుకోలేని పీచు పెద్దపేగుకు చేరినప్పుడు ఈ బాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ వంటి చిన్న ఆమ్లాలను తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి గోడకు ముఖ్యమైన ఇంధనం ఆ బ్యూటిరేటే. ఆ గోడ మందం ఎంతో తెలుసా మాస్టారూ? ఒకే ఒక్క వరుస కణాలు. అటువైపు లక్షల కోట్ల సూక్ష్మజీవులు, ఇటువైపు మన రక్తం, మధ్య ఆ ఒక్క వరుస, దానిమీద ఒక జిగురు పొర. పీచు అందనప్పుడు కొన్ని రకాల బాక్టీరియా ఆకలికి ఆ జిగురునే తినడం మొదలుపెడతాయని ఎలుకల్లో స్పష్టంగా చూశారు. జిగురు పలచబడితే గోడ బలహీనపడుతుంది, బాక్టీరియా ముక్కలు కొద్దికొద్దిగా రక్తంలోకి జారుతాయి, ఒంట్లోని రక్షణ కణాలు ఎప్పుడూ ఉలికిపాటుతో ఉంటాయి. జ్వరం రాదు, నొప్పి తెలియదు, కానీ లోపల నివురుగప్పిన నిప్పులా సన్నని మంట రాజుకుంటూ ఉంటుంది. ముసలితనంలో కండ తగ్గడం, రక్తనాళాలు గట్టిపడటం, షుగరు అదుపు తప్పడం వంటి వాటి వెనుక ఇలాంటి మంట ఉందని ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాన్సెస్కి 2000లో ప్రతిపాదించాడు. ఈ మాటను ఈనాడు చాలామంది ఒప్పుకుంటున్నారు.

బాక్టీరియా నిజంగా ఈ మంటకు కారణమా, లేక ముసలితనం వల్లే బాక్టీరియా మారుతున్నాయా అన్నది తేల్చడానికి జంతువుల మీద ప్రయోగాలు చేశారు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వారు 2017లో ప్రచురించిన పనిలో, పుట్టుక నుంచి ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన ఎలుకలకు వయసు పెరిగినా ఆ మంట పెరగలేదు. అలాంటి ఎలుకలను ముసలి ఎలుకలతో కలిపి ఉంచితే మాత్రం పెరిగింది. అదే ఏడాది జర్మనీలోని కొలోన్‌లో, కొన్ని నెలలే బతికే ఒక ఆఫ్రికా చేపజాతికి నడివయసులో పాత బాక్టీరియాను మందుతో తొలగించి, లేత చేపల పేగుల్లోని బాక్టీరియాను అందిస్తే అవి తోటి చేపలకన్నా ఎక్కువ కాలం బతికాయి. మీ వీడియోలో 'వయసు వెనక్కి' అన్న మాటకు మూలం ఇలాంటి ప్రయోగాలే. ఇవి మంచి ప్రయోగాలు, నాకు వాటిమీద గౌరవం ఉంది. కానీ గాజుతొట్టెలో నెలల ఆయుష్షుతో బతికే చేపను చూసి, వంశధార ఒడ్డున 66 ఏళ్ళు బతికిన మనిషికి హామీ ఇవ్వడం తప్పు.

మనుషుల్లో జరిగిన పనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఐర్లండ్‌ది. కార్క్ నగరంలోని పరిశోధకులు 178 మంది వృద్ధులను పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించారు. ఇళ్ళలో ఉంటున్నవారి పేగుల్లో రకరకాల బాక్టీరియా కనిపించాయి. దీర్ఘకాలం సంరక్షణ కేంద్రాల్లో ఉంటున్నవారిలో ఆ వైవిధ్యం తగ్గింది. ఎవరిలో వైవిధ్యం తగ్గిందో వారే ఎక్కువ బలహీనంగా ఉన్నారు, వారిలోనే రక్తంలో మంట గుర్తులు ఎక్కువగా ఉన్నాయి. అసలు విషయం ఇక్కడే ఉంది: కేంద్రంలో చేరగానే ముందు మారింది భోజనం. బాక్టీరియా మార్పు ఆ తర్వాత నెలల మీద నెమ్మదిగా వచ్చింది. అంటే పళ్ళెంలో రకాలు తగ్గాయి, ఆ వెనుకే పేగుల్లో రకాలు తగ్గాయి.

ఇప్పుడు మీ పళ్ళెం చూడండి. రస్కు, సన్నబియ్యం, బంగాళాదుంప, ఇడ్లీ, ఉప్మా. ఇందులో పప్పు దాదాపు లేదు, ఆకుకూర లేదు, పండు లేదు, చిరుధాన్యం లేదు. ఇది మీ ఒక్కరి తప్పు కాదు. అరవై దాటాక పళ్ళు కదులుతాయి, డాక్టరు ఒకటి వద్దంటాడు, ఇరుగుపొరుగు మరొకటి వద్దంటారు, ఒంట్లో ఓపిక లేక ఇంట్లో వంట కుదించుకుంటారు, చివరికి చారు అన్నమే మిగులుతుంది. వృద్ధాప్యం పళ్ళెంలో ఇలా మొదలవుతుందని నా గట్టి నమ్మకం, దీన్ని వెనక్కి తిప్పడం మన చేతిలో ఉన్న పని.

తిప్పవచ్చని చూపిన పరిశోధన కూడా ఉంది. ఫ్రాన్స్, ఇటలీ, నెదర్లాండ్స్, పోలండ్, బ్రిటన్ దేశాల్లో 65 నుంచి 79 ఏళ్ళ వయసున్న 612 మందిని ఏడాదిపాటు అనుసరించి 2020లో ఫలితాలు చెప్పారు. వారిలో కొందరికి కూరలు, పప్పుజాతులు, పండ్లు, ముడిధాన్యాలు ఎక్కువగా ఉండే మధ్యధరా ప్రాంతపు భోజనం పెట్టించారు. దాన్ని బాగా పాటించినవారిలో మంచి ఆమ్లాలు తయారుచేసే బాక్టీరియా నిలబడ్డాయి, మంట గుర్తులు తగ్గాయి, నడక, చేతి పట్టు, జ్ఞాపకశక్తి మెరుగ్గా ఉన్నాయి. మనకు వారి ఆలివ్ నూనె అక్కరలేదు. వారి భోజనంలోని సారం మీ ఊరి సంతలో దొరుకుతుంది.

ఇక అమ్మగారి సంగతి. ఆమె దీర్ఘాయుష్షుకు తరవాణే కారణమని చెప్పలేను. ఆమెతో పాటు పుట్టినవారూ అదే కుండలోది తాగి ఉంటారు, వారిలో ఎందరు మలేరియాకో కలరాకో పురుళ్ళకో చిన్నతనంలోనే పోయారో మీకే తెలిసి ఉంటుంది. మిగిలినవారిని చూసి వారు తిన్నదానికే పేరు పెట్టడం సులువు. వంశం, జీవితాంతం చేసిన ఒళ్ళు వంచే పని, అదృష్టం, అన్నీ కలిసే 91 అవుతుంది. అయితే ఆమె తిన్నది మంచి తిండి అనడానికి మాత్రం నాకు సందేహం లేదు.

పర్లాకిమిడిలో మా చిన్నప్పటి ఇంట్లో పొయ్యి పక్కన తరవాణి కుండ ఉండేది. రోజూ వార్చిన గంజి చల్లారాక అందులో పోసేవారు. అడుగున కొంత పుల్లటి తేట ఎప్పుడూ మిగిల్చేవారు. మూత తీయగానే ముందు ఒక పుల్లని ఆవిరి ముక్కుకు తగిలేది, తర్వాత మీద సన్నని బుడగలు అంచుల వెంబడి కనిపించేవి. రాత్రి మిగిలిన అన్నం ఆ తేటలో వేసి పొద్దున్న ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తినేవాళ్ళం. ఇప్పుడు మీరు ఆ బుడగలను వేరే కళ్ళతో చూడవచ్చు. అవి లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా, వాటితో కలిసి బతికే ఈస్టులు చేస్తున్న పని. పాత తేటను మిగిల్చేది పెరుగుకు తోడు మిగిల్చినట్టే. మీ ఒడియా పొరుగువారు తినే నీళ్ళలో పులిసిన అన్నం, పఖాళ, దీనికి తోబుట్టువు. మార్చి 20న ఒడిశా అంతటా పఖాళ దినం జరుపుకునేంత ఇష్టం వారికి దానిమీద.

పులియబెట్టిన ఆహారం గురించి 2021లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఒక చిన్న పరిశోధన ప్రచురించింది. ఆరోగ్యంగా ఉన్న 36 మందిలో కొందరికి పది వారాలపాటు పెరుగు, పులిసిన కూరగాయల వంటివి బాగా పెట్టారు, మరికొందరికి పీచు పెంచారు. పులిసినవి తిన్నవారి పేగుల్లో బాక్టీరియా వైవిధ్యం పెరిగింది, మంటకు సంబంధించిన పదార్థాలు రక్తంలో తగ్గాయి. పీచు ఒక్కటే పెంచినవారిలో అంత తక్కువ కాలంలో వైవిధ్యం పెరగలేదు. కొందరే పాల్గొన్న ప్రయోగం గనుక దీన్ని అంతిమ తీర్పుగా తీసుకోకూడదు. అయినా మజ్జిగ, తరవాణి, పులిసిన చోడి అంబలి అలవాటున్న మనకు ఇది సంతోషకరమైన ఫలితమే. తరవాణి నేరుగా ఆయుష్షు పెంచుతుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి, అందులో ఇనుము ఇరవై రెట్లు పెరుగుతుందని వాట్సాప్‌లో తిరిగే అంకెలనూ నమ్మకండి. పులియడం వల్ల ఉన్న ఇనుము ఒంటికి పట్టడం కొంత మెరుగుపడవచ్చు గాని, కుండలో కొత్త ఇనుము పుట్టదు.

మీరు మొదలుపెట్టవచ్చు, కొన్ని జాగ్రత్తలతో. కాచి చల్లార్చిన నీళ్ళు వాడండి, కుండను వారానికొకసారి వేడినీళ్ళతో కడిగి ఎండబెట్టండి. పైన రంగు బూజు కనిపించినా, తీగ సాగినా, పులుపు బదులు కుళ్ళు వాసన వచ్చినా మొహమాటం లేకుండా పారబోయండి. బీపీ ఉంటే ఉప్పు కలపకండి. అన్నిటికన్నా ముఖ్యంగా, మీకు షుగరు ఉంది కనుక తరవాణి అన్నం గాని చోడి అంబలి గాని ఉన్న భోజనానికి అదనంగా కాకుండా, రస్కులకు బదులుగా తీసుకోండి. చోళ్ళు మంచివే గాని, పలచని జావగా గ్లాసులకొద్దీ తాగితే అవీ షుగరును పెంచుతాయి. చిన్న గిన్నెడు చాలు, అందులో మజ్జిగ కలిపి, పక్కన వేయించిన ఉలవలు గాని ఉడికించిన బొబ్బర్లు గాని ఉంటే ఇంకా మేలు. తిన్న రెండు గంటలకు షుగరు చూసుకుంటే మీ ఒంటికి ఎంత సరిపడుతుందో మీకే తెలుస్తుంది.

పీచు లెక్క కూడా చెబుతాను, ఎందుకంటే మీ మలబద్ధకానికి సగం సమాధానం అందులోనే ఉంది. పెద్దవారికి రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వంద గ్రాముల చోళ్ళలో సుమారు 11 గ్రాముల పీచు ఉంటే, అంతే తూకం సన్నబియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు. మీరు రాసిన భోజనంలో 25లో సగమైనా అందుతుందని నాకనిపించడం లేదు. సంత రోజున కొండల నుంచి సవర, కొంధు ఆడవాళ్ళు తెచ్చే చోళ్ళు, సామలు, కందులు, ఉలవలు, చిక్కుళ్ళు కొనండి, తోటకూర, ములగాకు, అరటిదవ్వ, ఆనపకాయ వారంలో మార్చి మార్చి వండించండి. ఒకే ఆకుకూర రోజూ తినడం కన్నా రకాలు మారడం ముఖ్యం, ఎందుకంటే ఒక్కొక్క రకం పీచును తినే బాక్టీరియా ఒక్కొక్కటి. అయితే ఇవాళే అన్నీ పెంచేస్తే కడుపు ఉబ్బి, నాలుగు రోజులకే విసిగి మానేస్తారు. వారానికొక రకం చొప్పున చేర్చండి, నీళ్ళు పెంచండి, సాయంత్రం ఏటి గట్టు దాకా నడవండి.

క్యాప్సూళ్ళు, కిట్టు కొనవద్దని మీ అబ్బాయికి నా మాటగా చెప్పండి. తండ్రి ఆరోగ్యం మీద అతనికున్న ప్రేమ అర్థమవుతోంది, ఆ మూడు వేలూ పప్పులకూ పండ్లకూ పంపమనండి. మేలుచేసే బాక్టీరియా అంటూ నింపి అమ్మే ఈ ప్రోబయోటిక్ క్యాప్సూల్‌లో ఉండేవి కొన్ని రకాలే. చాలామందిలో అవి పేగుల్లో కాపురం పెట్టకుండానే బయటికి పోతాయి. అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లో ఆధారాలన్నీ పరిశీలించి, చాలా జీర్ణకోశ వ్యాధులకు ప్రోబయోటిక్‌లను సిఫారసు చేయలేమని చెప్పింది. రోగాలకే ఆ మాట అన్నప్పుడు ముసలితనానికి ఏమనాలి? ఇక 'పేగు వయసు' అన్నదానికి అందరూ ఒప్పుకున్న కొలమానం లేదు. తొమ్మిది వేలకు పైగా మందిని పరిశీలించి 2021లో ప్రచురించిన పనిలో, ఆరోగ్యంగా ముసలివారైనవారి పేగులు కుర్రవారి పేగుల్లా మిగిలిపోలేదు. వయసుతో పాటు ఎవరిది వారిదిగా, మరింత ప్రత్యేకంగా మారాయి. కుర్రవారిలా ఉండటమే ఆరోగ్యమని ఊహించే కిట్టు మిమ్మల్ని అనవసరంగా భయపెడుతుంది.

మీరు వాడే రెండు మందుల గురించి కూడా చెప్పాలి. మెట్‌ఫార్మిన్ పేగుల్లోని బాక్టీరియాను మారుస్తుంది, అందులో కొంత మేలే ఉందని భావిస్తున్నారు. దాన్ని మీ అంతట మీరు ఆపకండి. గ్యాస్ మాత్ర సంగతి వేరు. కడుపులోని ఆమ్లం మింగిన సూక్ష్మజీవులను చంపే కాపలా వంటిది. దాన్ని ఏళ్ళ తరబడి అణచి ఉంచితే నోటిలో ఉండవలసిన బాక్టీరియా పేగుల దాకా దిగుతాయి, కొన్ని పేగు ఇన్ఫెక్షన్ల ప్రమాదం పెరుగుతుంది. పైగా ఈ రెండు మందులూ కలిసి చాలాకాలం వాడినవారిలో బి12 విటమిన్ తగ్గే అవకాశం ఉంది. ఐదేళ్ళ క్రితం ఆ మాత్ర ఎందుకు రాశారో, ఇప్పటికీ అవసరమో కాదో మీ డాక్టరును అడగండి, బి12 పరీక్ష కూడా చేయించమనండి. ఒక్కసారిగా ఆపితే కడుపులో ఆమ్లం పెరిగి గుండెల్లో మంట ఎగదన్నుతుంది కనుక, ఆపాలన్నా మెల్లగా తగ్గిస్తూ ఆయన చెప్పినట్టే ఆపాలి. జలుబుకూ దగ్గుకూ దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ తీసుకునే అలవాటు ఇంట్లో ఉంటే అది ఇవాళే మానేయండి. మలబద్ధకం ఈ మధ్యే మొదలైనా, మలంలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, తరవాణి కుండ సంగతి పక్కనపెట్టి ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

మీ ఉత్తరం ఆఖరి వాక్యాల దగ్గర నాకు కలుక్కుమంది. ఐర్లండ్‌లో సంరక్షణ కేంద్రంలో చేరినవారికి జరిగినదే, మీ ప్రేమ మధ్య, మీ ఇంట్లోనే అమ్మగారికి జరుగుతోంది. డెబ్బై, ఎనభై ఏళ్ళు చోళ్ళు, తరవాణి, పప్పు, ఆకులు తిన్న ఒళ్ళు ఏడాదిగా పాలు, బ్రెడ్డు, బియ్యం జావ మీద బతుకుతోంది. ఆ నీరసాన్ని వయసు అని వదిలేయకండి. ముందు డాక్టరుకు చూపించి రక్తం శాతం, బి12, థైరాయిడ్ చూడమనండి, బరువు తూచి రాసిపెట్టండి. తాగేటప్పుడు దగ్గు, పొలమారడం ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. పళ్ళ డాక్టరును కట్టుడు పళ్ళ గురించి అడగండి, 91 ఏళ్ళకు ఎందుకని ఎవరన్నా పట్టించుకోకండి. కందిపప్పులో ఆనపకాయ, బచ్చలి వేసి బాగా ఉడికించి మెదిపి పెట్టండి, చోడి జావలో మజ్జిగ కలపండి, బాగా పండిన బొప్పాయి, అరటిపండు ఇవ్వండి, గుడ్డు తినే ఇల్లయితే రోజూ ఒకటి మెత్తగా ఉడికించి ఇవ్వండి. మంచం దగ్గరికి గిన్నె పంపకుండా, వీలైన పూట మీ పక్కన కూర్చోబెట్టి తినిపించండి, నలుగురితో కూర్చుంటే నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతాయి.

తరవాణి వల్ల జలుబు రాదు, అది వైరస్ వల్ల వస్తుంది. తరవాణి తాగడానికి పళ్ళు అక్కరలేదు. డాక్టరు చూసి, కిడ్నీల ఇబ్బంది లేదన్నాక, పూటకు అరగ్లాసు తేటతో మళ్ళీ మొదలుపెట్టండి. కుండ పెట్టే పద్ధతి మీరు ఇంటర్నెట్‌లో వెతకవద్దు, ఆమెనే అడగండి. గంజి ఎంత చల్లారాక పోయాలో, ఎన్నో రోజుకు పులుపు సరిపోయిందో నాలుక మీద వేసుకుని చెప్పగలిగే మనిషి మీ ఇంట్లోనే ఉంది.